గుప్పెడు పిండి ఎన్ని ఔన్సులు

ఆవిడ గుప్పిట్లో రెండున్నర ఔన్సుల పిండి పడుతుంది. మనసు బాగున్న రోజున మూడు. టీవీలో ఆవిడ వంట చూసి మురిసిపోయినవాళ్లెవరికీ ఈ సంగతి తెలియదు. ఆవిడకీ తెలియదు. ఒకసారి చెప్పబోతే రెండు చెవులూ మూసుకుంది.

"వద్దు హనీ. తెలిస్తే నా చెయ్యి సిగ్గుపడుతుంది."

ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే, అదీ దక్షిణాది రాష్ట్రాల సాగదీసిన ఇంగ్లీషు. నాకు మాత్రం ఆ మాటలన్నీ తెలుగులోనే గుర్తున్నాయి.

మావారి ఉద్యోగం కోసం మేము అలబామాలోని హంట్స్‌విల్‌కి వచ్చిన కొత్తలో నాది డిపెండెంట్ వీసా. పని చేయడానికి వీల్లేదు. న్యూజెర్సీలో ఉన్న మా ఆడపడుచు మెట్లు దిగితే చాలు, తెలుగు వినిపిస్తుందనేది. మాకు తెలుగు మాట వినాలంటే కారెక్కి వెళ్లాలి. కానీ ఇక్కడ రోడ్డు పక్కన పెద్ద డేగిశాల్లో పచ్చి వేరుశెనక్కాయలు ఉప్పునీళ్లలో ఉడకబెట్టి అమ్ముతారు. మొదటిసారి ఆ వేడి పొట్లం చేతిలో పడ్డాక, ఈ ఊళ్లో బతకగలమని నాకు నమ్మకం కుదిరింది.

ఆవిడ హోటలు ఊరి చివర ఒక పాత టైర్ల షాపులో ఉండేది. రోజూ ఒక మాంసం కూర, మన ఇష్టం వచ్చిన మూడు కూరగాయల వంటకాలు, ఒక రొట్టె. కూరల్లో బెండకాయ వేపుడు, పచ్చి టమాటా వేపుడు, ఉడికించిన అలసందలు, ఆకుకూర ఉండేవి. తాగడానికి కావాలంటే మజ్జిగ. మావారు శనివారం శనివారం అక్కడికే అనేవారు. ఆకుకూరలో పంది మాంసం ముక్క వేసి ఉడికిస్తారని మూడో వారం తెలిసింది. అప్పటికి ఆయన ఎన్నోసార్లు మారు వడ్డించుకున్నారు.

"మరి ముందే చెప్పలేదేం?" అన్నారు నాతో.

"నాకేం తెలుసండీ? మీరేగా మా అమ్మ చేసినట్టే ఉందన్నారు."

ఆవిడ అంతకు ముందు చాలా ఏళ్లు ఒక బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండేది. భర్త పోయాక, ఆయన టైర్ల షాపు మిగిలితే, అందులో బల్లలు వేసి హోటలు పెట్టింది. ఒక సంతలో వంటల పోటీ గెలిచాక ఊరి టీవీ వాళ్లు ఉదయం పూట కాసేపు వండించారు. వండుతూ కెమెరావాణ్ణి తిట్టేది, పాలు పొంగిస్తే తన్ను తాను తిట్టుకునేది. అది జనానికి నచ్చింది. తర్వాత దేశమంతా కనపడే చానెల్ వాళ్లు వచ్చారు. టైర్ల షాపు ముందు వేరే రాష్ట్రాల నంబరు ప్లేట్ల కార్లు ఆగడం మొదలైంది.

నేను ఆవిడ దగ్గర చేరింది గ్రీన్ కార్డు వచ్చాక, 2006లో. ఒక శనివారం మేము తింటూండగా ఆవిడ పక్క బల్ల దగ్గర కూర్చుని, ఒక చర్చి విందుకి ఎంత వండాలో తేలక తల పట్టుకుంది. మూడు వందలమంది వస్తారట.

నేను ఉండబట్టలేక అడిగాను. "అందులో పిల్లలెందరు? భోజనం ఎన్నింటికి? ముందు ఏమైనా చిరుతిండి పెడుతున్నారా?"

ఈ మూడు ప్రశ్నలూ మా మేనమామవి. తెనాలిలో పెళ్లిళ్లకు వండేవాడు. సరుకుల లెక్క నా చేత కట్టించేవాడు. నేను చదివింది బి.ఏ. తెలుగు. లెక్కలు నాకు బడిలో ఎవరూ నేర్పలేదు. గిద్దలు సోలలై, సోలలు తవ్వలై, తవ్వలు మానికలై పెరుగుతుంటే, నా అంతట నేనే కూడుకుంటూ తీసేసుకుంటూ నేర్చుకున్నాను. తలలు లెక్కపెట్టకు, ఆకళ్లు లెక్కపెట్టమనేవాడు మామయ్య.

ఆవిడ జవాబులు విన్నాక, రెండు వందల నలభై మందికి వండితే చాలన్నాను. ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"తక్కువైతే?"

"కాదు."

"అయితే?"

"ఆ పూట మావారు తినరు. ఆయన వంతు నలుగురికి సరిపోతుంది."

ఆవిడ పగలబడి నవ్వింది. విందు తర్వాత సోమవారం ఫోన్ చేసి, ఒక్క ట్రే మిగిలిందని చెప్పి, ఉద్యోగం చేస్తావా అంది.

నా పని మొదట సరుకులు తెప్పించడం. తర్వాత టీవీ వాళ్ల కోసం కొలతలు రాయడం. ఒక కప్పు, అర చెంచా అని తెర మీద వేయాలి కదా. ఆవిడ ఏ వంటా రెండుసార్లు ఒకేలా చేయదు. రుచి మాత్రం మారదు. కప్పు చేతికిస్తే తడబడేది. పిండి గుప్పిట్లో పట్టేది, ఉప్పు అరచేతి గుంటలో పోసుకునేది, మజ్జిగ చప్పుడు వింటూ వంచేది. అందుకని మామయ్య దగ్గర నేర్చుకున్న పద్ధతే పెట్టాను. ఆయన గొప్ప గొప్ప వంటవాళ్ల పక్కన పని నేర్చుకున్నవాడు. వాళ్ల చేతికి ఎప్పుడూ అడ్డం వెళ్లేవాడు కాదు. గిన్నె ముందొకసారి, తర్వాతొకసారి తూచేవాడు. తగ్గినదే వాడినది. నేనూ పిండి డబ్బా, వెన్న పళ్లెం, మజ్జిగ కూజా వంటకు ముందు తూచి పెట్టి, ఆవిడ అటు తిరగ్గానే మళ్లీ తూచేదాన్ని. అలా నెలల తరబడి ఆవిడ చేతిని అంకెల్లోకి దించాను.

దీనికంతటికీ మూలం బిస్కెట్టు. టీలో ముంచుకునే మన బిస్కెట్టు కాదు. ఇక్కడ బిస్కెట్టంటే అరచేతిలో పట్టే గుండ్రటి, పొంగిన రొట్టె. విరిస్తే లోపల పొరలు పొరలుగా, దూదిలా ఉంటుంది. పొద్దున్నే వెన్న రాసుకుని తింటారు. అది ఆవిడ తల్లి చేసినది. ఆవిడ పేరు పైకి తెచ్చిందీ అదే.

ఆవిడ మొదటి పుస్తకం నేను చేరకముందు వచ్చింది. ఎవరో ఫోన్‌లో అడుగుతుంటే ఆవిడ నోటికొచ్చిన కొలతలు చెప్పిందట. పుస్తకం బాగానే అమ్ముడైంది. బిస్కెట్లు మాత్రం ఎవరింట్లోనూ రాలేదు. ఒకాయన తన బిస్కెట్టును తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నానని రాశాడు. ఆవిడ ఆ మాట అందరికీ చదివి వినిపించి నవ్వేది. ఒక మధ్యాహ్నం, హోటల్లో ఎవరూ లేనప్పుడు, నవ్వకుండా చెప్పింది.

"నా మోకాళ్లు అయిపోయాయి. ఇంకెంతకాలమో నిలబడలేను. హోటలు ఎవరైనా నడుపుతారు. టీవీ వాళ్లు ఇంకో లావాటి ఆడదాన్ని వెతుక్కుంటారు. మా అమ్మ బిస్కెట్టు మాత్రం నా చేతిలోనే ఉండిపోయింది. నాకు పిల్లలు లేరు. నన్నెప్పుడూ చూడని పిల్ల ఎవరో, ఎక్కడో, కాగితం చూసి చేస్తే అది రావాలి. నాకు కావలసింది అంతే."

రెండో పుస్తకానికి న్యూయార్క్ ప్రచురణకర్తలు ఒప్పుకున్నారు, కానీ ఒక షరతు పెట్టారు. ముందు బిస్కెట్టు పేజీ తేవాలి. వాళ్ల వంటింట్లో వాళ్ల మనిషి ఆ కాగితం చూసి చేస్తుంది. మేము పక్కనే ఉండవచ్చు, నోరు విప్పకూడదు. బిస్కెట్టు రాకపోతే అది లేకుండానే పుస్తకం వేస్తారు.

"అది లేని పుస్తకం నాకెందుకు?" అంది ఆవిడ.

నాకు భయమేమీ లేదు. నా అంకెల మీద నాకు నమ్మకం. మా వంటింట్లో నేను చేస్తే వచ్చింది, హోటల్లో గిన్నెలు కడిగే అమ్మాయి చేస్తే వచ్చింది. అయినా దూరాన ఉన్న మనిషి చేత ఒకసారి చేయిద్దామని న్యూజెర్సీలోని పార్సిప్పనీలో ఉన్న ఆడపడుచుకు కాగితం పంపాను. తను సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి.

ఆదివారం ఫోన్ చేసింది. "వదినా, ఏమీ అనుకోకు. అమ్మ కట్టుడు పళ్లు తీసి పక్కన పెట్టేసింది."

"అంత గట్టిగా వచ్చాయా?"

"మళ్లీ చేశాను. మళ్లీ అంతే. నువ్వు రాసినట్టే చేశాను, ఒట్టు. గ్రాముతో సహా."

వెనక నుంచి మా అత్తగారి గొంతు వినిపించింది. ఆరు నెలలు కూతురి దగ్గర ఉండటానికి వచ్చారు. "వాళ్ల మేడమ్‌గారికి నా నమస్కారం చెప్పు. రాయి బాగా కుదిరిందను."

అంకెలన్నీ మళ్లీ చూశాను. తప్పు లేదు. మజ్జిగ తూకం, వెన్న తూకం, ఓవెన్ వేడి, అన్నీ సరిగ్గా ఉన్నాయి. కూడిక సరిపోయినా మొత్తం తప్పు వచ్చిందంటే నాకు అన్నం సహించదు. ఆవిడకు చెప్పాను. కోప్పడుతుందనుకుంటే, కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"న్యూయార్క్‌కి ఎలాగూ వెళ్తున్నాం కదా. ముందు నా బిస్కెట్టును చంపిన పిల్లను చూపించు."

అలా, ప్రచురణకర్తలను కలవడానికి ముందు రోజు, టీవీలో కనిపించే మనిషి పార్సిప్పనీలో ఒక అపార్ట్‌మెంట్ రెండో అంతస్తుకు, మోకాళ్లను తిట్టుకుంటూ, రెయిలింగు పట్టుకుని ఎక్కింది. మా ఆడపడుచు ఇల్లంతా వాక్యూమ్ చేసి పెట్టింది. అత్తయ్య జరీ చీర కట్టుకుని సోఫాలో కూర్చున్నారు. ఇద్దరు పెద్దవాళ్లూ ఒకరినొకరు చూసుకుని చేతులు పట్టుకున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు. అత్తయ్య నాతో, "మంచి ఒడ్డూ పొడుగూ మనిషే. చెయ్యి చూశావా, చాటంత ఉంది" అన్నారు.

"అప్పుడెలా చేశావో అలాగే చెయ్యి. మేమేం మాట్లాడం" అని ఆడపడుచుకు చెప్పాను.

తను పిండి తూచింది. చల్లటి వెన్న వేసి వేళ్లతో నలిపింది. మజ్జిగ పోసింది. అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత గాజులు పైకి నెట్టుకుని, అరచేతి అడుగుభాగంతో అదిమి అదిమి పిసకడం మొదలుపెట్టింది. ఆవిడ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆ పిల్ల ఏం చేస్తోంది?"

"పిండి కలుపుతోంది."

"అది కలపడమా? ఆ పిండి ఏం పాపం చేసిందని?"

ఆడపడుచు నున్నగా ముద్ద చేసి, పైన తడిగుడ్డ కప్పి, చేతులు కడుక్కుంది.

"ఆ గుడ్డ ఎందుకే?" అన్నాను.

"నానొద్దా వదినా? అరగంట."

"నేనెక్కడ రాశాను అలా?"

"రాయాలా ఏంటి? పిండి కలిపాక నానబెట్టకుండా ఎవరైనా ఉంటారా?"

చపాతీ పిండి కలిపిన ప్రతి ఇంట్లోనూ అంతే కదా. బాగా మర్దించాలి, తడిగుడ్డ కప్పాలి, నాననివ్వాలి. అది ఎవరూ చెప్పరు, చేతికి అదే వస్తుంది. ఆవిడ వంటింట్లో నేను తగ్గిన పిండి తూచాను, తగ్గిన వెన్న తూచాను. ఆవిడ మర్దించకపోవడాన్ని, నానబెట్టకపోవడాన్ని ఏ గిన్నెలో పెట్టి తూచను? చెయ్యని పనికి తూకం లేదు.

ఆవిడే లేచి రెండో వాయి చేయించింది. ఆడపడుచు చేతులు వెనక్కి కట్టించినంత పని చేసి, గరిటెతో నాలుగుసార్లు తిప్పించి, గరుకుగా ఉన్న ముద్దను అలాగే తట్టించి కోయించింది. ఓవెన్‌లో పొంగాయి. అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఆవిడ ఒకటి విరిచి నోట్లో పెట్టుకుంది. నములుతోంది, నములుతూనే ఉంది.

"రాయి కాదు. కానీ రబ్బరు."

డబ్బాలోంచి పొడి పిండి తీసి రెండు వేళ్ల మధ్య రాసింది. "ఇది మా పిండి కాదు. మా వైపు గోధుమ మెత్తనిది. ఇక్కడిది బ్రెడ్డు గోధుమ. ఇంకెలా వస్తుంది?"

అత్తయ్య అప్పటికే లేచి వచ్చి, కోయగా మిగిలిన ముక్కను సాగదీసి చూస్తున్నారు. "చూశావుటే, ఎలా సాగుతోందో. ఇది బొబ్బట్లకు పనికొచ్చే పిండి. గుల్లగా ఎలా వస్తుంది?"

"ఆమె ఏమంటున్నారు?" అంది ఆవిడ.

సాగితేనే వచ్చే మిఠాయి ఒకటుంది, దానికి ఈ పిండి బాగుంటుందంటున్నారని చెప్పాను. ఆవిడ గట్టిగా తలూపింది. "అదే! నేనన్నదీ అదే! మరి సాగకుండా ఉండాలంటే ఏం చేస్తారో అడుగు."

"గవ్వలు గట్టిగా వస్తుంటే మైదాలో కాస్త బియ్యప్పిండి కలపమూ? ఆ మాత్రం చెప్పు ఆవిడకి" అన్నారు అత్తయ్య.

నేను చెప్పగానే ఆవిడ బల్ల మీద చరిచింది. వాళ్ల అమ్మ కేకుకు మంచి పిండి దొరకనప్పుడు మొక్కజొన్న గంజిపొడి కలిపేదట. కార్న్‌స్టార్చ్ అంటే ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. అయితే ఎంత కలిపేదో ఆవిడకు తెలియదు. "కాస్త" అంది.

కాస్త అంటే ఎంతో తేల్చడం నా పని. ముందు కప్పు పిండిలోంచి ఒక పెద్ద చెంచా తీసి, ఆ చోట ఒక చెంచా గంజిపొడి వేశాం. ఇంకా రబ్బరు వదల్లేదు. మూడు వేస్తే చేతిలోనే పొడి పొడిగా రాలిపోయింది. రెండు వేసిన వాయి ఓవెన్‌లోంచి తీసి విరిస్తే, పొర మీద పొర విడిపోయి ఆవిరి పైకి లేచింది. ఆవిడ తిని, ఇంకొకటి తీసుకుని, అత్తయ్య చేతిలో పెట్టింది.

అత్తయ్య అందులో గోంగూర పచ్చడి పెట్టుకుని తిన్నారు. ఆవిడ కూడా చెయ్యి చాపింది. కళ్ల వెంట నీళ్లు వచ్చాయి. మంచినీళ్లు అందించబోతే వద్దంది.

"నీళ్లు కాదు హనీ, ఇంకాస్త పచ్చడి."

"వదినా," అంది ఆడపడుచు, పిండితో తెల్లబడిన వంటింటిని చూస్తూ, "ఇప్పుడీ బిస్కెట్లన్నీ అపార్ట్‌మెంట్ మొత్తానికి నువ్వే పంచాలి."

మర్నాడు న్యూయార్క్ వెళ్తూ కారులో ఆ పేజీ తిరగరాశాను. అంకెలకు ఇబ్బంది లేదు. గంజిపొడి చేర్చాను. చెయ్యకూడనివి రాయడమే తెలియలేదు. ఆవిడ కిటికీలోంచి చూస్తూ చెప్పింది, నేను రాశాను. "పిండి తడిస్తే చాలు. మర్దించకు. నానబెట్టకు. నున్నగా చేయాలని నీ చేతికి అనిపిస్తుంది, చెయ్యి తీసెయ్యి. ముద్ద వికారంగా ఉంటే సరిగ్గా ఉన్నట్టే."

"వికారంగా అని పుస్తకంలో రాస్తారా మేడమ్?"

"అందంగా ఉంటే పాడైనట్టు. మరేమని రాస్తావు?"

ప్రచురణకర్తల వంటింట్లో కాగితం అందుకున్నది ఒక చిన్నమ్మాయి. అన్ని రకాల కేకులూ చేస్తుందట, ఈ బిస్కెట్టు మాత్రం ఎప్పుడూ చేయలేదంది. టీవీ చూసే తీరిక ఉండదంది. ఆవిడెవరో కూడా ఆ అమ్మాయికి తెలియదు. మమ్మల్ని గోడ పక్కన కుర్చీల్లో కూర్చోబెట్టారు. ఆవిడ తన చేతులను తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

అమ్మాయి తూచింది. చెంచాలు లెక్కపెట్టి తీసింది, లెక్కపెట్టి వేసింది. మజ్జిగ పోసి గరిటెతో తిప్పింది. ముద్ద బల్ల మీద పడింది. గరుకుగా, పగుళ్లతో, అక్కడక్కడా పొడి అంటుకుని, చూడటానికే బాగాలేదు. ఆ అమ్మాయి రెండు చేతులూ దాని మీదకు వెళ్లాయి. అరచేతులు అదమడానికి సిద్ధంగా ఉన్నాయి. నేను కాగితం వైపే చూస్తున్నాను.

అమ్మాయి ఆగింది. కాగితం మీదకు వంగి ఏదో చదివింది. చిన్నగా నవ్వింది. చేతులు వెనక్కి తీసేసింది.

తర్వాత ఓవెన్ తలుపు మూసుకుంది, ఆ గదిలో వెన్న వాసన నిండింది, ఆవిడ కుర్చీ కిర్రుమంటూనే ఉంది. పళ్లెం బల్ల మీదకు వచ్చాక ముందు ప్రచురణ సంస్థ తరఫున రుచి చూడటానికి వచ్చిన ఆమె ఒకటి తీసుకుంది. తింటూ రెండోదాని కోసం చెయ్యి చాపింది. అదే జవాబు. ఆవిడ తనదాన్ని విరిచి, పొరలు చూసి, మెల్లగా తింది.

"మా అమ్మ అయితే ఇంకాస్త ఎర్రగా కాల్చేది."

నేను పెన్ను తీశాను. "ఎంతసేపు? ఇంకో నిమిషమా?"

"ఎర్రబడేదాకా."

"అది కొలత కాదు మేడమ్."

"కానీ రాయి."

రాశాను. పుస్తకంలో ఆ పేజీలో ఇప్పటికీ అలాగే ఉంది. పన్నెండు నిమిషాలు అని నా అంకె, పక్కనే, లేదా పైన ఎర్రబడేదాకా అని ఆవిడ మాట. రెండింటిలో ఏది చూసుకుని చేసినా బిస్కెట్టు వస్తుంది. మా ఆడపడుచు శనివారాలు చేస్తుంది, తడిగుడ్డ లేకుండా. అత్తయ్య ఇండియా వెళ్లేటప్పుడు ఆ పేజీ నా చేత తెలుగులో రాయించుకుని తీసుకెళ్లారు. గంజిపొడి బదులు బియ్యప్పిండి అని రాయించుకున్నారు.

ఆవిడ ఇప్పుడు స్టవ్ దగ్గర నిలబడదు. టీవీకి పిలిస్తే పండగలకు వెళ్తుంది. మిగతా రోజుల్లో పొద్దున్నే వచ్చి, టైర్ల షాపు ముందు కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటుంది. లోపల కొత్తగా చేరిన అమ్మాయి కాగితం చూసి బిస్కెట్లు చేస్తుంది. నేను సరుకుల లెక్క చూసుకుంటూ ఉంటాను. పళ్లెం వస్తుంది. ఆవిడ ఒకటి విరిచి, ఆవిరి పోయేదాకా చూసి, వెన్న రాసుకుని తింటుంది. ఎవరు చేశారని అడగదు. రెండోది తీసుకుంటుంది.